చేతి రేడియో స్కానర్ల నిర్మాణం: ఔచిత్యదృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పోలీసు, అగ్నిమాపక, విమానయాన, రైల్వే, నౌకాయాన సేవల రేడియో సంభాషణలను వరుసగా వెతికి వినిపించే చిన్న గ్రాహకయంత్రం రేడియో స్కానర్. అమెరికాలో దీనికి అర్ధశతాబ్దానికి పైబడిన శ్రోతృసంప్రదాయం ఉంది. గత రెండు దశాబ్దాలలో చేతి స్కానర్ల గ్రహణశక్తి ఎంతో పెరిగింది. అదే కాలంలో అవి చెవికి దూరమై కంటికి దగ్గరయ్యాయి. 2018లో వెలువడిన యూనిడెన్ ఎస్‌డిఎస్100 నమూనాను ప్రధానంగా తీసుకొని, రాబోయే చేతి స్కానర్ల నిర్మాణంలో రావలసిన మార్పులను ఈ వ్యాసం విశ్లేషణాత్మకంగా చర్చిస్తుంది. క్షేమేంద్రుని ఔచిత్యభావనను ఇక్కడ ప్రమాణంగా స్వీకరించడమైనది.

కీలకపదాలు: రేడియో స్కానర్, ఔచిత్యం, శ్రోత, గ్రాహకం, ఎన్‌క్రిప్షన్, స్వరసూచన.

1. ఉపోద్ఘాతం:

మన అలంకారికులు కావ్యాన్ని దృశ్యమని, శ్రవ్యమని విభజించారు. ఆ విభజన ననుసరించి శ్రవ్యాన్ని గురించి మన విమర్శ చాలా చర్చించింది. కాని శ్రవ్యాన్ని శ్రోతకు చేర్చే పరికరాన్ని విమర్శకు తగిన వస్తువుగా గుర్తించలేదు. హరికథకుడి చిడతలను గురించి, బుర్రకథలోని తంబురను గురించి రాసినవారున్నారు. రేడియో నాటకాన్ని గురించి పరిశోధనలు జరిగాయి. ఆ నాటకాన్ని వినిపించిన పెట్టె గుణదోషాలు మాత్రం ధరల పట్టికలకు, ప్రకటనలకు పరిమితమయ్యాయి. పరికరం శ్రోత అనుభవాన్ని నిర్ణయిస్తుంది కనుక దాని నిర్మాణం కూడా విమర్శకు పాత్రమే.

ఈ దృష్టితో చూసినప్పుడు చేతి రేడియో స్కానర్ ప్రత్యేకమైన ఉదాహరణ. ఆకాశవాణి శ్రోత తనకోసం సిద్ధం చేసిన కార్యక్రమాన్ని వింటాడు. స్కానర్ శ్రోత వినేది తనను ఉద్దేశించి చెప్పని మాట. అది ఎప్పుడు వస్తుందో తెలియదు, వస్తే రెండు మూడు సెకన్లలో ముగిసిపోతుంది, తిరిగి రాదు. కనుక ఈ పరికరంలో ఏ చిన్న లోపమైనా అర్థనష్టంగానే పరిణమిస్తుంది.

2. పరిశీలనకు ప్రమాణం:

11వ శతాబ్దపు కాశ్మీర అలంకారికుడు క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’లో రసవంతమైన కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని ప్రతిపాదించాడు. గుణమైనా, అలంకారమైనా తగినచోట ఉన్నప్పుడే శోభిస్తుంది. చోటు తప్పితే నవ్వులపాలవుతుంది. పదం, వాక్యం మొదలుకొని దేశం, కాలం వరకు ఔచిత్యస్థానాలను ఆయన వివరించాడు.

ఈ సూత్రాన్ని యంత్రానికి అన్వయించడంలో అతివ్యాప్తి ఉందని కొందరు భావించవచ్చు. యంత్రానికి రసం లేదు, నిజమే. కాని యంత్రానికి ప్రయోజనం ఉంది. ఒక భాగం ఎంత గొప్పదైనా ఆ ప్రయోజనానికి తోడ్పడకపోతే అది అనౌచిత్యమే. శ్రోతల కోరికల జాబితాలలో సాధారణంగా కనిపించే లోపం కూడా ఇదే. పెద్ద తెర, ఎక్కువ జ్ఞాపకశక్తి, ఎక్కువ వేగం అంటూ అవి ‘ఎక్కువ’ను కోరుతాయి. ఏది ఎందుకు, ఏది ముందు అన్న ప్రశ్న వేయవు. ఈ వ్యాసం ఆ ప్రశ్నతోనే సాగుతుంది.

3. గ్రాహకభాగం - సాధించినది, విస్మరించినది:

తొలితరం స్కానర్లలో ఒక్కొక్క చానల్‌కు ఒక్కొక్క స్ఫటికాన్ని అమర్చవలసి ఉండేది. తరువాత మీటలతో ఫ్రీక్వెన్సీని నమోదు చేసే యంత్రాలు వచ్చాయి. ట్రంకింగ్ విధానం రావడంతో ఒకే సంభాషణలోని మాటలు వేరువేరు చానళ్లలోకి మారుతూ పోసాగాయి. నియంత్రణ చానల్‌ను చదివి ఆ మాటలను వెంబడించగల యంత్రం అవసరమైంది. ఆపైన పి25 అనే డిజిటల్ ప్రమాణం వచ్చి, మాటను అంకెలుగా మార్చి పంపడం మొదలైంది. దానితో స్కానర్ వినిపించే పెట్టెగా మాత్రమే ఉండక, అంకెలను తిరిగి మాటగా అనువదించే యంత్రమయింది.

ఇక్కడే సైమల్‌కాస్ట్ సమస్య తలెత్తింది. పెద్ద నగరాలలో అనేక ప్రసారకేంద్రాలు ఒకే ఫ్రీక్వెన్సీలో, ఒకే సమయంలో, ఒకే మాటను పంపుతాయి. వేరువేరు దూరాల నుండి వచ్చిన తరంగాలు శ్రోత యాంటెన్నా వద్ద ఒకదానిపై ఒకటి పడతాయి. తిరునాళ్లలో వీధికి రెండు చివరలా కట్టిన మైకుల మధ్య నిలబడినవారికి ఈ అనుభవం పరిచితమే. ఒకే పాట రెండుసార్లు చెవిని తాకి, మాట మాటపై పడి చెదిరిపోతుంది.

పి25 మొదటి దశలో సెకనుకు 4,800 సంకేతాలు వెళ్తాయి. అంటే ఒక్కొక్క సంకేతం నిడివి సుమారు 208 మైక్రోసెకన్లు. రేడియో తరంగం మైక్రోసెకనుకు సుమారు 300 మీటర్లు ప్రయాణిస్తుంది. రెండు కేంద్రాల నుండి శ్రోతకు గల దూరాలలో 15 కిలోమీటర్ల తేడా ఉంటే, రెండవ తరంగం 50 మైక్రోసెకన్లు ఆలస్యంగా వస్తుంది. ఇది ఒక సంకేతం నిడివిలో దాదాపు నాలుగవ వంతు. పాతతరం స్కానర్లు తరంగపు ఫ్రీక్వెన్సీలోని మార్పును మాత్రమే చదివేవి. సైమల్‌కాస్ట్ వ్యవస్థలు తరచు వాడే మాడ్యులేషన్‌లో తరంగపు దశ, పరిమాణం రెండూ ముఖ్యం. అందువల్ల సిగ్నల్ బలంగా ఉన్నట్లు తెర చూపినా, మాట మాత్రం ముక్కలై వినిపించేది.

ఎస్‌డిఎస్100 ఈ సమస్యను గ్రాహక నిర్మాణంతోనే ఎదుర్కొన్నది. చేతి స్కానర్లలో మొదటిసారిగా దశను, పరిమాణాన్ని రెండింటినీ నిలుపుకొనే ‘ఐ-క్యూ’ గ్రాహకాన్ని అది ప్రవేశపెట్టింది. తెర మీద రంగులు చేర్చినట్లు కాక, మాట చెదరడానికి మూలకారణమైన చోటనే మార్పు జరిగింది. కనుక ఇది ఔచిత్యవంతమైన సంస్కరణ.

అయితే ఒక చోట పెట్టిన శ్రద్ధ మరొక చోట తగ్గింది. బలమైన సిగ్నళ్లు దట్టంగా ఉన్న ప్రాంతాలలో, ముఖ్యంగా వీహెచ్‌ఎఫ్ పరిధిలోని సాధారణ అనలాగ్ ప్రసారాలను ఈ నమూనా తగినంత స్వచ్ఛంగా అందుకోలేకపోతున్నదని శ్రోతల నుండి తరచు ఫిర్యాదులు వచ్చాయి. తరువాతి ఫర్మ్‌వేర్‌లో ఫిల్టర్‌ను శ్రోతే మార్చుకునే ఏర్పాటు చేర్చారు. అది ఉపశమనమే కాని చికిత్స కాదు. పొరుగు సిగ్నళ్లను గడపలోనే ఆపవలసిన పని యాంటెన్నాకు వెనువెంట ఉండే ఫిల్టర్లది. అక్కడ హార్డ్‌వేర్ బలహీనంగా ఉంటే సాఫ్ట్‌వేర్ ఎన్ని విధాల సర్దినా ఫలితం పరిమితమే. రాబోయే యంత్రంలో ఒక్కొక్క పరిధికి వేరువేరు ముందు-ఫిల్టర్లు ఉండడం మొదటి అవసరం. ఈ అవసరం నానాటికీ ఎందుకు పెరుగుతున్నదో 7వ విభాగంలో చర్చించడమైనది.

4. ఒకే గ్రాహకం - జారిపోయే మాట:

చేతి స్కానర్‌లో గ్రాహకం ఒక్కటే. ఎన్ని వేల చానళ్లు నమోదు చేసుకున్నా, ఒక క్షణంలో అది ఒక్క చానల్‌నే వినగలదు. ఒక అగ్నిప్రమాద వార్తను వింటూ ఉండగా పక్క చానల్‌లో అంబులెన్సు కోసం వచ్చిన పిలుపు శ్రోతకు చేరదు. ప్రాధాన్య చానల్‌ను మధ్యమధ్య పరీక్షించే ఏర్పాటు ఉన్నా, అది వింటున్న మాటను తెంచి మరొక మాటను వెదకడమే అవుతుంది.

ఇందుకు సాంకేతిక పరిష్కారం ఊహలో మాత్రమే ఉన్నది కాదు. టీవీ గ్రహణం కోసం తయారైన చిన్న యుఎస్‌బి డాంగిల్‌ను కంప్యూటర్‌కు తగిలించి రేడియోగా వాడవచ్చునని 2012 నాటికి తెలిసింది. అది ఒకేసారి 2 మెగాహెర్ట్జ్‌కు మించిన వెడల్పును అందుకోగలదు. ఆ వెడల్పులో పడే చానళ్లన్నింటినీ కంప్యూటర్ ఏకకాలంలో విని, వేరువేరుగా దాచగలదు. బల్లమీద సాధ్యమైనది అరచేతిలోకి ఎందుకు రాలేదన్న ప్రశ్నకు రెండు కారణాలున్నాయి: ఒకటి విద్యుత్తు, రెండు వేడి.

అందువల్ల అన్ని చానళ్లనూ పట్టే గ్రాహకాన్ని కోరడం నేటి స్థితిలో అత్యాశ. రెండు గ్రాహకాలను కోరడం సమంజసం. ఒకటి వినిపిస్తూ ఉండగా మరొకటి మౌనంగా విని మెమరీ కార్డులో దాచాలి. శ్రోత తీరిక చూసుకొని దానిని వింటాడు. ఇప్పటికే ఎస్‌డిఎస్100లో, అంతకుముందు వచ్చిన బీసీడీ436హెచ్‌పీలో కొద్ది నిమిషాల సంభాషణను వెనక్కి వెళ్లి వినే సౌకర్యం ఉంది. జారిపోయే మాటను నిలిపే ఆ సౌకర్యమే రెండవ గ్రాహకానికి సహజమైన పునాది.

5. దేహం, శక్తి:

ఎస్‌డిఎస్100 బ్యాటరీ 3.7 వోల్టులు, 5,400 మిల్లీఆంపియర్-అవర్లు. అంటే సుమారు 20 వాట్-అవర్ల శక్తి. దానితో యంత్రం దాదాపు 8 గంటలు పనిచేస్తుంది. సగటున 2.5 వాట్ల వినియోగమన్నమాట. పాత బీసీడీ436హెచ్‌పీ మూడు డబుల్-ఎ పెన్సిల్ సెల్లతో నడిచేది. 2,000 మిల్లీఆంపియర్-అవర్ల రీచార్జ్ సెల్లు మూడింటిలో ఉండే శక్తి 7.2 వాట్-అవర్లే. కొత్త గ్రాహకాన్ని ఆ మూడు సెల్లతో నడిపితే మూడు గంటలైనా నిలవదు. కనుక కంపెనీ ప్రత్యేక బ్యాటరీని ఎంచుకోవడంలో కారణం లేకపోలేదు.

కాని ఆ ఎంపికకు శ్రోత చెల్లించే మూల్యం గమనింపదగినది. పెన్సిల్ సెల్ ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది. ప్రత్యేక బ్యాటరీ అలా దొరకదు. దాని తయారీ ఆగిపోతే యంత్రం బాగున్నా నిరుపయోగమే. రెండు మార్గాల మధ్య మూడవది ఉంది. టార్చిలైట్లలో విరివిగా వాడే 18650 లిథియం సెల్లు రెండింటిని అమర్చితే 20 వాట్-అవర్లకు తగ్గని శక్తి లభిస్తుంది. అవి ఏ ఒక్క కంపెనీకో పరిమితమైనవి కావు. అత్యవసరానికి పెన్సిల్ సెల్లను అమర్చే డబ్బాను వేరుగా ఇవ్వవచ్చు. తెరను పూర్తిగా ఆర్పి, ఒకే చానల్‌పై నిలిచి, తక్కువ విద్యుత్తుతో వినే స్థితి కూడా ఉండాలి.

దేహానికి సంబంధించిన మిగిలిన కోరికలు సూటిగా చెప్పదగినవి. ఎస్‌డిఎస్100లో మినీ యుఎస్‌బి రంధ్రం ఉంది. నేడు ఇళ్లలో ఉండే ఫోను తీగలతో పనిచేయాలంటే టైప్-సి అవసరం. స్థలాన్ని గుర్తించే జీపీఎస్‌ను బయటనుండి తగిలించవలసి వస్తున్నది; అది లోపలే ఉండాలి. యాంటెన్నాను బిగించే సన్నమరల ఎస్‌ఎంఏ కనెక్టర్ తరచు విప్పి బిగించడానికి అనువైనది కాదు. పావుమలుపుతో గట్టిగా పట్టే బీఎన్‌సీ కనెక్టర్ చేతి యంత్రానికి తగినది.

6. చెవి కోసం పుట్టి కంటిని కోరే యంత్రం:

చేతి స్కానర్ చరిత్రలో ప్రధానమైన వైరుధ్యం ఇక్కడ ఉంది. యంత్రం ప్రయోజనం వినడం. కాని దానిని నడపడానికి చూపు కావాలి. ఎస్‌డిఎస్100 రంగుల తెరపై వ్యవస్థ పేరు, విభాగం పేరు, చానల్ పేరు, సిగ్నల్ బలం మొదలైనవెన్నో కనిపిస్తాయి. అక్షరాల రంగులను శ్రోత తన ఇష్టానికి తగ్గట్టు మార్చుకోవచ్చు. మెనూలు ఒకదాని లోపల ఒకటిగా విస్తరించాయి. ఈ తరగతి యంత్రాలలో పైనున్న ఒకే గుండ్రటి మీట ధ్వనిస్థాయికీ, జాబితాలో కదలికకూ ఉపయోగపడుతుంది. అది ఏ క్షణంలో ఏ పని చేస్తున్నదో తెలియాలంటే తెరవైపు చూడాలి.

చూపులేని శ్రోత ఈ యంత్రాన్ని ఎలా వాడగలడు? ఈ ప్రశ్న ఏ మూలనో ఉన్న కొద్దిమందికి సంబంధించినదిగా తోచవచ్చు. కాని రేడియో, మొదటినుండీ, చూపులేనివారికి లోకాన్ని దగ్గర చేసిన మాధ్యమం. అమెచ్యూర్ రేడియో లైసెన్సు పొంది ప్రపంచమంతటితో మాట్లాడుతున్న అంధులు అనేక దేశాలలో ఉన్నారు. అటువంటి మాధ్యమానికి చెందిన యంత్రమే వారిని బయట నిలబెట్టడం కేవలం సౌకర్యలోపం కాదు, స్వధర్మచ్యుతి.

ఇది సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. అతి తక్కువ ధరకు దొరికే బావోఫెంగ్ యూవీ-5ఆర్ వాకీటాకీ తన మెనూ అంశాలను గొంతుతో పలుకుతుంది. కెన్‌వుడ్ టీహెచ్-డీ74 అనే అమెచ్యూర్ రేడియోలో స్వరసూచన అంతర్భాగంగా వచ్చింది. వాటితో పోలిస్తే ఎన్నోరెట్లు సంక్లిష్టమైన మెనూలున్న ఎస్‌డిఎస్100 తన తెరమీది మాటను పలికి చెప్పలేదు. ఇతరుల గొంతులను వినిపించే యంత్రం తన విషయంలో మూగబోవడం కంటే స్పష్టమైన అనౌచిత్యానికి ఉదాహరణ దొరకదు.

స్వరసూచన చూపున్నవారికీ ఉపకరిస్తుంది. చీకటిలో నడుస్తున్నవారికి, రెండు చేతులూ పనిలో ఉన్నవారికి, చత్వారం వచ్చినవారికి ‘ఇది ఫలానా అగ్నిమాపక కేంద్రం’ అని యంత్రమే చెప్పడం మేలు. ధ్వనిస్థాయికి, స్క్వెల్చ్‌కు వేరువేరు మీటలు, వేలికి తగిలే గుర్తులున్న బొత్తాలు, ఒక చానల్ నుండి మరొక చానల్‌కు మారినప్పుడు మాటల బిగ్గరతనాన్ని సమం చేసే ఏర్పాటు, స్పష్టంగా పలికే స్పీకర్ - ఇవి కూడా ఈ వర్గంలోనివే. వీటికి కొత్త శాస్త్రం అక్కరలేదు. చెవిని మొదటి స్థానంలో నిలిపే ఆలోచన చాలు.

7. దేశకాలౌచిత్యం:

స్కానర్ హార్డ్‌వేర్ శూన్యంలో పుట్టదు. ఆ యంత్రం అందుకునే పరిధులను చూస్తేనే ఈ సంగతి తెలుస్తుంది. ఎస్‌డిఎస్100 758 నుండి 824 మెగాహెర్ట్జ్ వరకు విని, ఆగి, తిరిగి 849 వద్ద మొదలవుతుంది. 869 వద్ద మరల ఆగి 895 వద్ద మొదలవుతుంది. ఆ ఖాళీలలో ఒకప్పుడు అమెరికా సెల్‌ఫోన్ల అనలాగ్ సంభాషణలు సాగేవి. వాటిని వినగల స్కానర్ల తయారీని, దిగుమతిని 1994లో అక్కడ నిషేధించారు. ఆ అనలాగ్ వ్యవస్థ కాలగర్భంలో కలిసినా, చట్టం చేసిన కోత యంత్రదేహంపై మచ్చవలె మిగిలింది.

నేటి పెద్ద మార్పు ఎన్‌క్రిప్షన్. న్యూయార్క్ నగర పోలీసు శాఖ 2023 జూలైలో బ్రూక్లిన్‌లో తన రేడియో సంభాషణలను గూఢీకరించడం ప్రారంభించింది. ఇతర నగరాలు కూడా అదే దారిలో ఉన్నాయి. బాధితుల వ్యక్తిగత వివరాలు బయటపడకూడదన్నది ఒక వాదం. పోలీసుల పనితీరు ప్రజలకు, విలేకరులకు తెలియాలన్నది మరొక వాదం. రెండింటిలోనూ బలముంది. హార్డ్‌వేర్ దృష్టితో మాత్రం తేలే విషయం ఒక్కటే: ఈ తాళాన్ని ఏ స్కానరూ తీయదు, తీయడం నేరం కూడా.

ఇక్కడ 3వ విభాగంలోని ప్రశ్నకు సమాధానం లభిస్తుంది. గత పదిహేనేళ్లలో తయారీదారుల శ్రమ, శ్రోతల ధనం అధికంగా వ్యయమైనది పోలీసుల డిజిటల్ ట్రంకింగ్‌ను అందుకోవడానికి. క్రమంగా మూతపడుతున్న ద్వారం అదే. తెరిచి ఉన్న ద్వారాలు వేరు: 118 నుండి 137 మెగాహెర్ట్జ్ మధ్య నేటికీ పాత ఏఎం పద్ధతిలోనే సాగే విమానాల సంభాషణలు, 156.8 మెగాహెర్ట్జ్ వద్ద నౌకల ఆపత్కాల చానల్, 144 పైన అమెచ్యూర్ల మాటలు, 145.8 వద్ద అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుండి దిగివచ్చే గొంతులు. ఇవన్నీ వీహెచ్‌ఎఫ్ పరిధిలోనివే. ఎస్‌డిఎస్100పై ఫిర్యాదులు వచ్చినది ముఖ్యంగా ఆ పరిధిలోనే. రేపటి శ్రోతకు మిగిలే ఆకాశం ఏదో ఆ ఆకాశానికి తగిన గ్రాహకాన్ని నిర్మించడమే కాలౌచిత్యం.

మన దేశంలో పరిస్థితి భిన్నమైనది. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని దగ్గర ఉంచుకోవడాన్నే నిషేధించింది. ఆ చట్టాల స్థానంలో 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. అమెరికాలోవలె ఎవరైనా అంగడికి వెళ్లి స్కానర్‌ను కొని ఇష్టమైనది వినే సంప్రదాయం ఇక్కడ లేదు. మనకు ఈ చర్చతో గల సంబంధం పరీక్ష రాసి అనుమతి పొందే అమెచ్యూర్ రేడియో మార్గంలో ఉంది. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఆ రంగంలో ప్రసిద్ధమైనది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటుతోపాటు ఫోన్లూ మూగబోయిన అనుభవం తెలుగువారిది. అటువంటి రాత్రి లైసెన్సుదారు చేతిలో ఉండే గ్రాహకానికి రంగుల తెర గుణం కాదు. పెన్సిల్ సెల్లతో నడవడం, వానలో తడిసినా పలకడం, చీకటిలో చేతిస్పర్శతోనే లొంగడం గుణాలు. స్వరసూచనలో తెలుగు కూడా ఒక భాషగా చేరితే మన శ్రోతకు ఆ యంత్రం మరింత దగ్గరవుతుంది.

8. ముగింపు:

పై పరిశీలన నుండి తేలిన అంశాలు:

1. ఎస్‌డిఎస్100లోని ఐ-క్యూ గ్రాహకం సైమల్‌కాస్ట్ సమస్యను మూలంలోనే ఎదుర్కొన్న ఔచిత్యవంతమైన సంస్కరణ. అయితే అది ముఖ్యంగా మేలుచేసిన రంగమే ఎన్‌క్రిప్షన్ వల్ల శ్రోతకు దూరమవుతున్నది.

2. రాబోయే చేతి స్కానర్‌లో వీహెచ్‌ఎఫ్ పరిధికి బలమైన ముందు-ఫిల్టర్లు అన్నింటికంటె మొదట రావలసిన గ్రాహక సంస్కరణ. వినిపించే గ్రాహకానికి తోడు దాచిపెట్టే రెండవ గ్రాహకం దాని తరువాతిది.

3. బ్యాటరీ ఏ ఒక్క కంపెనీకో కట్టుబడనిదిగా, అంగడిలో దొరికే సెల్లతో నడిచేదిగా ఉండాలి. లెక్కలు చూస్తే ఇది సాధ్యమే.

4. స్వరసూచన, వేరువేరు మీటలు, వేలికి తగిలే గుర్తులు అదనపు సౌకర్యాలు కావు. శ్రవణసాధనానికి అవి ప్రాథమిక లక్షణాలు.

ఈ కోరికలన్నీ ఒకే యంత్రంలో, ఒకే ధరలో తీరవు. వీటిలో ఒక్కదానినే ముందుగా ఎంచుకోవలసివస్తే స్వరసూచననే ఎంచుకోవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. గ్రహణశక్తి ఎంత పెరిగినా, అందిన మాట శ్రోత చెవిని చేరకపోతే ఆ పెంపు వ్యర్థం. తక్కిన సంస్కరణలు యంత్రానికి మరికొన్ని మాటలను అందిస్తాయి. ఈ ఒక్క సంస్కరణ యంత్రానికి మరికొందరు శ్రోతలను ఇస్తుంది.